‘జైల్‌హౌస్ రాక్’లో హీరో అంత పొగరుబోతుగా ఎందుకు ఉంటాడు?

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ: ఎల్విస్ ప్రెస్లీ నటించిన ‘జైల్‌హౌస్ రాక్’ మొదటిసారి చూశారు. అదే పేరున్న పాట మీకు బాగా నచ్చింది. హీరో మాత్రం అందరితోనూ మొరటుగా ప్రవర్తిస్తాడు, సాయం చేసినవాళ్ల పట్ల కృతజ్ఞత ఉండదు, డబ్బు మీద తప్ప దేని మీదా ధ్యాస ఉండదు. ఇలాంటి సినిమాను క్లాసిక్ అని ఎందుకు అంటారు, ఆ ఒక్క పాట కోసమేనా, ఎల్విస్ సినిమాల్లో ఇంకా ఏవి చూడదగ్గవి అని అడిగారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా గిటారు వాయిస్తున్నాను, చాలాకాలంగా పిల్లలకు నేర్పుతున్నాను కూడా. 1950ల నాటి రాక్ అండ్ రోల్ అంటే నాకు ప్రాణం. ఈ సినిమాను మొదట పాటల కోసమే చూశాను. తర్వాత చూసిన ప్రతిసారీ పాటలకన్నా కథ మీదే నా మనసు నిలిచింది. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీకు ఇబ్బంది కలిగించిన ఆ మొరటుతనమే ఈ సినిమాకు ప్రాణం. దాన్ని తీసేస్తే మిగిలేది ఎల్విస్ ఆ తర్వాత నటించిన పాతిక సినిమాల్లాంటి మరో సినిమా. అవి ఎవరికీ గుర్తు లేవు.

ముందు ఈ సినిమా వచ్చిన 1957ను కాస్త గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది ఎల్విస్‌కు ఇరవై రెండేళ్లు. మూడేళ్ల క్రితం వరకు మెంఫిస్‌లో ట్రక్కు నడిపిన కుర్రవాడు. 1954 జులైలో సన్ రికార్డ్స్‌లో తొలి పాట రికార్డు చేశాడు. 1955 చివర్లో ఆర్‌సీఏ అనే పెద్ద రికార్డు కంపెనీ అతని ఒప్పందాన్ని కొనుక్కుంది. 1956 అంతా అతనిదే. అయితే పెద్దవాళ్లకు అతనంటే భయం పట్టుకుంది. ఆ నడుము ఊపులు పిల్లలను పాడుచేస్తాయని చర్చిల్లో, పత్రికల్లో గోల. 1957 జనవరి 6న ఎడ్ సలివన్ టెలివిజన్ కార్యక్రమంలో పాడినప్పుడు కెమెరా అతన్ని నడుము పైనుంచి మాత్రమే చూపించింది. అది మనసులో ఉంచుకోండి, నృత్యం దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

మరొక విషయం చాలామందికి తెలియదు. ఎల్విస్‌కు మూడేళ్ల వయసులో, 1938లో, తండ్రి వెర్నన్ ప్రెస్లీ జైలుకు వెళ్లాడు. ఒక చెక్కు మీద రాసిన మొత్తాన్ని దిద్దాడన్నది నేరం. మిసిసిపీ రాష్ట్రంలోని పార్చ్‌మన్ జైల్లో దాదాపు ఎనిమిది నెలలు ఉన్నాడు. ఆ కాలంలోనే ఆ కుటుంబం తాము ఉంటున్న చిన్న ఇంటిని కూడా పోగొట్టుకుంది. సినిమా కథ ఎల్విస్ కోసం ఆ సంగతి తెలిసి రాసినది కాదు. అయినా తెర మీద ఖైదీ బట్టల్లో అతన్ని చూసినప్పుడల్లా ఆ తండ్రి నాకు గుర్తుకొస్తాడు. జైలు అనేది ఆ కుర్రవాడికి పాటలో ఒక మాట మాత్రమే కాదు.

ఇక కథ. విన్స్ ఎవరెట్ నిర్మాణ పనుల్లో కూలీ. జీతం అందుకున్న రోజు బారుకు వెళ్తాడు. ఒకడు ఒక స్త్రీని అవమానిస్తుంటే అడ్డుపడతాడు. కొట్లాటలో అవతలివాడు చనిపోతాడు. ఒక ఏడాదికి తగ్గకుండా, పదేళ్లకు మించకుండా శిక్ష. అక్కడి నుంచి సినిమా అంతా ఒకే విషయం గురించి మాట్లాడుతుంది: ఎవరి శ్రమకు ఎవరు వాటా తీసుకుంటున్నారు?

జైల్లో విన్స్ గదిలో ఉండేవాడు హంక్ హౌటన్, ఒకప్పటి కంట్రీ పాటల గాయకుడు. ఆ పాత్రలో మిక్కీ షానెసీ నటన మళ్లీ ఒకసారి గమనించండి. జైల్లో సిగరెట్లే డబ్బు, ఆ డబ్బు హంక్ చేతిలో ఉంటుంది. విన్స్‌కు గిటారు పట్టుకోవడం నేర్పేది అతనే, లోకం ఎలా నడుస్తుందో నేర్పేది కూడా అతనే. జైలు నుంచి ఒక టెలివిజన్ కార్యక్రమం ప్రసారమవుతుంది. అందులో విన్స్ పాడితే అభిమానుల ఉత్తరాలు సంచుల కొద్దీ వస్తాయి. హంక్ ఆ ఉత్తరాలు అతనికి అందకుండా చేస్తాడు. అంతకన్నా ముఖ్యంగా, బయటికి వెళ్లాక సంపాదనలో ఇద్దరికీ చెరిసగం అన్న ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటాడు. తన విలువ తనకు తెలియకముందే అందులో సగం పోగొట్టుకున్న మనిషి విన్స్.

ఇంతలో భోజనశాలలో గొడవ జరుగుతుంది. విన్స్ ఒక కాపలాదారును కొడతాడు. శిక్షగా కొరడా దెబ్బలు. చొక్కా లేకుండా, చేతులు కట్టేసి ఉన్న ఎల్విస్‌ను చూపించిన ఆ దృశ్యం 1957లో ప్రేక్షకులను ఎంత కలవరపెట్టి ఉంటుందో ఊహించుకోండి. ఆ తర్వాత విన్స్ మొహంలో ఒక రకమైన గట్టిదనం వస్తుంది. మీరు పొగరు అన్నది అక్కడ పుట్టింది.

బయటికి వచ్చాక ఒక క్లబ్బులో పాడబోతే, ముందు వరుసలో కూర్చున్నవాడు పాట మధ్యలో పగలబడి నవ్వుతాడు. విన్స్ గిటారును పగలగొట్టి వెళ్లిపోతాడు. ఒక వాద్యకారుడిగా ఆ దృశ్యం చూడటం నాకు ఇప్పటికీ కష్టమే, కానీ అబద్ధం అనిపించదు. వేదిక మీద గిటార్లు పగలగొట్టడం రాక్ సంగీతంలో ఒక ఆనవాయితీగా మారడానికి ఇంకా ఏడేళ్లు ఉంది. ఇక్కడ అది ప్రదర్శన కాదు. వినేవాడు లేనప్పుడు చేతిలో ఉన్న వస్తువు మీద చూపించిన కోపం.

అప్పుడే పెగ్గీ వస్తుంది. ఆమె రికార్డుల వ్యాపారంలో పనిచేసే అమ్మాయి. విన్స్‌తో ఒక పాట రికార్డు చేయించి వినిపిస్తుంది. తన గొంతు తనకే నచ్చదు. అరువు తెచ్చుకున్నట్టుగా పాడుతున్నానని గ్రహిస్తాడు, మళ్లీ తన పద్ధతిలో పాడతాడు. సంగీతం నేర్చుకునేవాళ్లకు ఈ చిన్న దృశ్యం నేను తప్పకుండా చూపిస్తాను. పాడుతున్నప్పుడు మన గొంతు మనకు వినిపించేది ఒకలా, రికార్డులో వినిపించేది మరొకలా ఉంటుంది. ఆ తేడాను మొదటిసారి విన్నప్పుడు సిగ్గుపడని గాయకుడిని నేను చూడలేదు. రికార్డింగ్ గదిని అద్దంలా వాడుకున్న దృశ్యం ఇంత సూటిగా ఆనాటి సినిమాల్లో నేను మరోచోట చూడలేదు.

ఆ రికార్డును జెనీవా రికార్డ్స్ అనే కంపెనీకి తీసుకెళ్తారు. తర్వాత దుకాణంలో వింటే అదే పాటను అదే పద్ధతిలో ఆ కంపెనీ తన పేరున్న గాయకుడితో పాడించి అమ్ముతోంది. విన్స్ ఆ కార్యాలయానికి వెళ్లి మేనేజరు చెంపలు వాయిస్తాడు. ఆ తర్వాత చేసే పని ఇంకా పెద్దది: పెగ్గీతో కలిసి లారెల్ రికార్డ్స్ అనే సొంత కంపెనీ పెడతాడు. డబ్బు మీద తప్ప ధ్యాస లేదని మీరన్నారు. నిజమే. కానీ అప్పటికే ఒకడు అతని సంపాదనలో సగం రాయించుకున్నాడు, మరొకడు పాటనే ఎత్తుకుపోయాడు. అలాంటి మనిషి మరింకేం ఆలోచిస్తాడు?

కథకుడు ఎవరో తెలిస్తే ఈ కోపం ఎక్కడిదో అర్థమవుతుంది. మూలకథ నెడ్రిక్ యంగ్‌ది. కమ్యూనిస్టు సానుభూతిపరుడన్న అనుమానంతో పని ఇవ్వకూడదంటూ హాలీవుడ్ నల్ల జాబితాలో పెట్టిన రచయిత. మరుసటి ఏడాదే వేరే పేరుతో సహరచన చేసిన ‘ది డిఫయెంట్ వన్స్’కు ఆస్కార్ అందుకున్నాడు, అది కూడా ఆ మారుపేరు మీదే. తన పేరుతో తన రాత అమ్ముకునే హక్కు కోల్పోయిన మనిషి, తన పాట తనది కాకుండా పోయిన గాయకుడి కథ రాశాడు. నాకు ఇది యాదృచ్ఛికం అనిపించదు. స్క్రీన్‌ప్లే రాసినది గై ట్రాస్పర్, దర్శకుడు రిచర్డ్ థోర్ప్. ఎంజీఎం స్టూడియోలో షూటింగు త్వరగా ముగిస్తాడని పేరున్నవాడు. ఆ తొందర కొన్ని దృశ్యాల్లో కనిపిస్తుంది కూడా.

మరో మాట. కథలో హంక్ అడిగింది చెరిసగం. నిజజీవితంలో ఎల్విస్ మేనేజరు కల్నల్ టామ్ పార్కర్ ఆ రోజుల్లో పాతిక శాతం తీసుకునేవాడు, అదే ఎక్కువ. 1967లో ఆ వాటాను సగానికి పెంచుకున్నాడు. సినిమాలో విన్స్ లాయరు సాయంతో, జైల్లో పెట్టిన సంతకం చెల్లదని తేల్చుకుంటాడు. ఎల్విస్ అలా చేయలేదు. తెర మీద విన్స్ చూపించిన పొగరులో పదో వంతు ఎల్విస్‌కు ఉండి ఉంటే అతని జీవితం మరోలా ఉండేదేమో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇప్పుడు మీకు బహుశా అన్నిటికన్నా చిరాకు తెప్పించిన దృశ్యం. పెగ్గీ అతన్ని తన తల్లిదండ్రుల ఇంటికి తీసుకెళ్తుంది. తండ్రి కాలేజీ ప్రొఫెసరు. అక్కడ చేరినవాళ్లంతా జాజ్ గురించి, జాజ్ పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ గురించి, అపశ్రుతుల ప్రయోగాల గురించి మాట్లాడుకుంటుంటారు. ఒక పెద్దావిడ మర్యాదగానే విన్స్ అభిప్రాయం అడుగుతుంది. మీరేం మాట్లాడుతున్నారో నాకేమీ తెలియడం లేదు అని దురుసుగా చెప్పి లేచి వెళ్లిపోతాడు. బయటికి వచ్చాక పెగ్గీని బలవంతంగా ముద్దు పెట్టుకుంటాడు. ఇలాంటి చవకబారు ఎత్తుగడలు తన దగ్గర సాగవంటుంది ఆమె. అది ఎత్తుగడ కాదు, నాలోని మృగం అంటాడు.

ఆ ముద్దు తప్పు. దాన్ని నేను సమర్థించను. సినిమా కూడా దాన్ని తేలిగ్గా వదిలేసింది, అది ఆ కాలపు లోపం. కానీ ఆ ఇంట్లో జరిగినదాన్ని మాత్రం విన్స్ వైపు నుంచి చూడండి. తన చేతులతో నేర్చుకున్న సంగీతం ఉన్నవాడు, సంగీతాన్ని మాటలుగా మాత్రమే వాడుతున్నవాళ్ల మధ్య కూర్చున్నాడు. ఆవిడ ప్రశ్నలో ద్వేషం లేదు, అతన్ని పరీక్షించాలన్న ఉద్దేశం కూడా లేదు. అయినా అతనికి అది పరీక్షలాగే వినిపించింది. స్వరం రాయడం, చదవడం రాని వాద్యకారులు చదువుకున్నవాళ్ల ఎదుట ముడుచుకుపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు వాయించే ఒక పెద్దాయన చెవితో విన్న ఏ బాణీనైనా క్షణంలో వాయించేవారు. ఎవరైనా ఇది ఏ రాగం అని అడిగితే వాయిద్యం పెట్టెలో పెట్టేసేవారు. ఆయన మౌనం, విన్స్ దురుసుతనం ఒకే చోటి నుంచి వస్తాయి. ఆ గాయాన్ని హాలీవుడ్ ఒక పాప్ సినిమాలో ఇంత నిజాయితీగా చూపించడం చిన్న విషయం కాదు.

ఇంత మెచ్చుకున్నాక ఒక పెద్ద లోపం చెప్పకపోతే తప్పవుతుంది. పాటలు దొంగిలించే వ్యాపారం గురించిన ఈ సినిమాలో, ఆ దొంగతనంవల్ల నిజంగా నష్టపోయినవాళ్లు లేరు. 1950ల అమెరికాలో నల్లజాతి గాయకుల పాటలను తెల్లజాతి గాయకులతో మళ్లీ పాడించి అమ్మడం మామూలు సంగతి. లిటిల్ రిచర్డ్ ‘టూటీ ఫ్రూటీ’ని పాట్ బూన్ పాడి లాభపడటం అందరికీ తెలిసినదే. ఎల్విస్ తొలి రికార్డు ‘దట్స్ ఆల్ రైట్’ ఆర్థర్ క్రూడప్ పాట. తన పాటల మీద రావలసిన రాయల్టీల కోసం క్రూడప్ ఏళ్ల తరబడి పోరాడి, దాదాపు ఏమీ చూడకుండానే 1974లో చనిపోయాడు. జెనీవా రికార్డ్స్ దృశ్యంలో విన్స్ స్థానంలో ఉండవలసినవాడు క్రూడప్. కానీ కథను నడిపించే పాత్రల్లో నల్లజాతి మనిషి ఒక్కడూ లేడు. నిజమైన గాయాన్ని వేరే మనిషి ఒంటి మీద చూపించిన సినిమా ఇది. ఈ సంగతి తెలిసి చూస్తే ఆ చెంపదెబ్బల దృశ్యం మరింత బరువెక్కుతుంది.

ఇక పాటలు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నాకు ఇష్టమైన చోటు ఇది. నాలుగు ముఖ్యమైన పాటలు జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ రాశారు. 1957 ఏప్రిల్ నాటికి ఇద్దరికీ ఇరవై నాలుగేళ్లే. గాయని బిగ్ మామా థార్న్‌టన్ కోసం ‘హౌండ్ డాగ్’ రాసినది వీళ్లే, దాన్ని తర్వాత ఎల్విస్ పాడాడు. సినిమా పాటలు రాయమని వీళ్లకు స్క్రిప్టు ఇచ్చారు. వీళ్లు దాన్ని పక్కన పడేసి న్యూయార్క్‌లో జాజ్ క్లబ్బులు, నాటకాలు చూస్తూ తిరిగారు. పాటల ప్రచురణకర్త జీన్ అబర్‌బాక్ ఒక రోజు హోటల్ గదికి వచ్చి, పాటలు ఇచ్చేదాకా ఎవరూ బయటికి వెళ్లేది లేదని సోఫాను తలుపుకు అడ్డంగా లాగి దాని మీద పడుకున్నాడు. కొన్ని గంటల్లో నాలుగు పాటలు పూర్తయ్యాయి. జైలు పాటను అలా గదిలో బందీలుగా కూర్చుని రాశారు.

ఏప్రిల్ 30న హాలీవుడ్‌లోని రేడియో రికార్డర్స్ స్టూడియోలో రికార్డింగు మొదలైంది. గిటారు స్కాటీ మూర్, బేస్ బిల్ బ్లాక్, డ్రమ్స్ డి.జె. ఫొంటానా, పియానో డడ్లీ బ్రూక్స్. పాటలో శాక్సోఫోన్, ట్రాంబోన్ వాయిస్తున్న ఖైదీల గురించి మాటలు వస్తాయి. రికార్డులో మాత్రం ఈ నలుగురే, వాళ్లతో ఎల్విస్ గొంతు.

ఆ ఆరంభాన్ని జాగ్రత్తగా వినండి. గిటారు అర స్వరం కింది నుంచి పైకి జారి ఆగుతుంది, వెంటనే డ్రమ్ము మీద రెండు దెబ్బలు. మళ్లీ అదే. ఖైదీలు గొలుసులతో రాళ్లు కొడుతున్న చప్పుడును మనసులో పెట్టుకున్నానని ఫొంటానా తర్వాత చెప్పాడు. ఆ తర్వాత ఎల్విస్ పాడేటప్పుడు వాద్యాలన్నీ ఆగిపోతాయి. గొంతు ఒక్కటే ఖాళీలో నిలబడుతుంది, పంక్తి అయ్యాక మళ్లీ ఆ రెండు దెబ్బలు. రాక్ అండ్ రోల్‌కు మూలమైన బ్లూస్ పాటలో మామూలుగా ఒక చరణానికి పన్నెండు బార్లు, అంటే తాళపు ఆవర్తాలు, ఉంటాయి. ఇక్కడ పదహారు. మొదటి ఎనిమిది బార్లూ ఒకే కార్డ్ (కలిపి వాయించే స్వరాల గుత్తి) మీద నిలబెట్టి ఉంచారు. ఎక్కడికీ కదలనివ్వరు. ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. పల్లవికి రాగానే కార్డ్ మారి, బేస్ నడక అందుకుని, అంతా ఒక్కసారిగా విడుదలవుతుంది. జైలు తలుపు తెరిచినట్టే.

నా దగ్గర నేర్చుకునేవాళ్లు ఈ పాటను ఒక్క రోజులో పట్టేస్తారు. వేళ్లకు కష్టమేమీ లేదు. కష్టమంతా ఆ ఖాళీలో ఉంది. పాడేవాడు పంక్తి ముగించేదాకా తీగను అదుపు చేసి, సరిగ్గా సమయానికి మళ్లీ కొట్టాలి. అందరూ తొందరపడతారు. ఆ నిశ్శబ్దంలో ఏమీ వాయించకుండా ఉండటం చేతనవడానికి నాకే చాలా ఏళ్లు పట్టింది.

స్విమ్మింగ్ పూల్ పక్కన పాడే ‘బేబీ ఐ డోంట్ కేర్’ వెనక మరో కథ ఉంది. అందులో బేస్ వాయించినది ఎల్విస్ స్వయంగా. బిల్ బ్లాక్‌కు ఎలక్ట్రిక్ బేస్ అప్పటికి కొత్త. నిలువు బేస్ అలవాటైన చేతికి ఆ ఆరంభం పడక, విసుగొచ్చి దాన్ని కింద పడేసి వెళ్లిపోయాడు. ఎల్విస్ దాన్ని ఎత్తుకుని వాయించేశాడు. ఎల్విస్‌కు వాయించడం రాదు, గిటారు మెడలో అలంకారమే అనేవాళ్లకు ఈ పాట మొదటి పది సెకన్లు వినిపించండి చాలు. ఇక ‘ట్రీట్ మీ నైస్’ సినిమాలో వినేది ఒకటి, సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, అమ్మినది మరొకటి. సింగిల్ కోసం సెప్టెంబరులో మళ్లీ రికార్డు చేశారు. రెండూ పక్కపక్కన వింటే తేడా తెలుస్తుంది.

తెర మీద పియానో దగ్గర కూర్చున్న యువకుడు ఎవరో కాదు, మైక్ స్టోలరే. ఆ పాత్రకు ముందు లీబర్‌ను అనుకున్నారు. పంటి బాధతో లీబర్ రాలేకపోతే స్టోలర్‌ను పంపారు.

‘జైల్‌హౌస్ రాక్’ సింగిల్ సెప్టెంబరు 24న విడుదలై అమెరికాలో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. 1958 జనవరిలో బ్రిటన్ పట్టికలోకి అడుగుపెడుతూనే మొదటి స్థానంలో నిలిచింది. అలా నిలిచిన తొలి రికార్డు అదే. 2005లో మళ్లీ విడుదల చేస్తే మళ్లీ మొదటి స్థానానికి వెళ్లింది.

ఇప్పుడు ఆ నృత్యం. నృత్య దర్శకుడు అలెక్స్ రొమెరో. ఎంజీఎం అంటే ఫ్రెడ్ అస్టైర్, జీన్ కెల్లీలు ఆడిన స్టూడియో. నిర్మాత పాండ్రో బెర్మన్ ఒకప్పుడు అస్టైర్, జింజర్ రోజర్స్ సినిమాలు తీసినవాడు. అందుకే రొమెరో మొదట ఆ సంప్రదాయంలోనే అడుగులు కూర్చి చూపించాడు. ఎల్విస్‌కు అవి ఒంటికి అతకలేదు. అప్పుడు రొమెరో చేసిన పని నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. ఎల్విస్ పాత రికార్డులు పెట్టించి, వేదిక మీద నువ్వు ఎలా కదులుతావో అలాగే కదిలి చూపించు అని అడిగాడు. చూసి వెళ్లి, ఆ కదలికల నుంచే మొత్తం నృత్యాన్ని కూర్చాడు. మోకాళ్లు వణికించడం, కాలి మునివేళ్ల మీద లేవడం, భుజం విసరడం, అన్నీ ఎల్విస్‌వే. వాటిని వరుసలో పెట్టి, చుట్టూ ఖైదీల బృందాన్ని అమర్చినది రొమెరో. నేర్పడానికి వచ్చినవాడు నేర్చుకోవడానికి సిద్ధపడ్డాడు. ఆ ప్రొఫెసరు ఇంట్లో జరగనిది నృత్యశాలలో జరిగింది.

మే 13న షూటింగు ఈ నృత్యంతోనే మొదలైంది. స్తంభం మీద నుంచి జారే కదలికలు, రెండంతస్తుల జైలు గదుల సెట్టు, నల్ల దుస్తుల మీద తెల్ల కుట్టు చారలు, అన్నీ మీరు చూశారు. ఆడేటప్పుడు ఎల్విస్ పంటికి తొడిగిన తొడుగు ఊడి గొంతులోకి జారి ఊపిరితిత్తికి చేరింది. ఆసుపత్రిలో తీయించుకోవలసి వచ్చింది. కొద్ది రోజుల్లో తిరిగి వచ్చి నృత్యం పూర్తిచేశాడు.

నడుము పైనుంచే చూపించిన టెలివిజన్ సంగతి ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. అది జరిగిన నాలుగు నెలలకే ఈ షూటింగు. కథ ప్రకారం కూడా ఈ నృత్యం ఒక టెలివిజన్ కార్యక్రమం కోసమే. సినిమాస్కోప్ వెడల్పు తెర మీద కెమెరా అతన్ని తల నుంచి కాలి దాకా చూపిస్తుంది. దగ్గరి షాట్ల కోసం తొందరపడదు, ముక్కలు ముక్కలుగా కోయదు. దాచిపెట్టిన సగం మనిషిని తిరిగి ఇచ్చేశారు. నాకు అది చాలా పెద్ద తీర్పులా కనిపిస్తుంది.

కథకు మళ్లీ వస్తే, రెండో సగం గురించి మీ ఫిర్యాదులో న్యాయం ఉంది. హంక్ విడుదలై వస్తాడు. అతని పాట కాలం చెల్లిందని కార్యక్రమంలోంచి తీసేస్తారు. విన్స్ అతన్ని పది శాతానికి తన వెనక తిరిగే మనిషిగా పెట్టుకుంటాడు. కొరడా దెబ్బలు తప్పించడానికి లోపల హంక్ లంచం ఇవ్వబోయాడన్న ఒక్క రుణం కోసం. మీకు కృతజ్ఞత లేదనిపించిన చోటు ఇదే అనుకుంటాను. నిజానికి అక్కడ కృతజ్ఞత ఉంది, కాకపోతే శాతాల్లో లెక్కగట్టి ఉంది. హంక్ నేర్పిన భాష అదే కదా. అంతకన్నా చేదైనది లారెల్ రికార్డ్స్ అమ్మకం. కొనడానికి వచ్చినది తన పాట దొంగిలించిన జెనీవా కంపెనీయే. విన్స్ అమ్మడానికి సిద్ధపడతాడు, పెగ్గీ ఒప్పుకోదు. కోపం పట్టలేక హంక్ కొట్టిన దెబ్బ విన్స్ గొంతుకు తగులుతుంది. గొంతు పోతుందేమో అన్న భయం, తర్వాత స్వస్థత, క్షమాపణ, ప్రేమ. ఇవన్నీ చివరి కొద్ది నిమిషాల్లో హడావిడిగా కుదించేశారు. ఆ ముగింపు నాకు ఎప్పుడూ నచ్చలేదు. తొంభై నిమిషాల పాటు కట్టిన మనిషిని అయిదు నిమిషాల్లో మంచివాడిని చేయడం కుదరదు. ఒక్క మంచి ఆలోచన ఉంది: చివర్లో పాడేది ‘యంగ్ అండ్ బ్యూటిఫుల్’. జైల్లో మొదట తడబడుతూ పాడిన పాట అదే, క్లబ్బులో నవ్వులపాలైనది కూడా అదే.

పెగ్గీ గురించి ఒక మాట. ఆ పాత్ర వేసిన జూడీ టైలర్ న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేలో టోనీ పురస్కారానికి నామినేషన్ పొందిన నటి. షూటింగు ముగిసిన కొద్ది రోజులకు, 1957 జులై 3న, వయోమింగ్ రాష్ట్రంలో కారు ప్రమాదంలో చనిపోయింది. ఇరవై నాలుగేళ్లు. ఆమె భర్త కూడా ఆ ప్రమాదంలోనే పోయాడు. సినిమాలో విన్స్‌తో సమానంగా నిలబడి, అతని పొగరుకు జవాబు చెప్పగలిగినది ఆమె ఒక్కతే. తర్వాతి ఎల్విస్ సినిమాల్లో అలాంటి నాయికలు అరుదు.

అక్టోబరు 17న మెంఫిస్‌లోని లోస్ స్టేట్ థియేటర్లో తొలి ప్రదర్శన జరిగింది. స్కూల్లో చదువుకునే రోజుల్లో ఎల్విస్ ఆ హాల్లోనే ప్రేక్షకులకు సీట్లు చూపించే పని చేశాడు. 2004లో భద్రపరచదగ్గ సినిమాల అమెరికా జాతీయ జాబితాలో (నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ) ఈ సినిమాకు చోటిచ్చారు.

ఇక ఏవి చూడాలన్న ప్రశ్న. తర్వాతి సినిమా ‘కింగ్ క్రియోల్’ (1958) తప్పకుండా చూడండి. దర్శకుడు మైఖేల్ కర్టిజ్. ఎల్విస్‌కు సైన్యం నుంచి పిలుపు వచ్చాక, గడువు పొడిగించుకుని మరీ పూర్తిచేసిన చిత్రం. నటుడిగా అతను అన్నిటికన్నా బాగా చేసినది అదేనని నా అభిప్రాయం. ‘జైల్‌హౌస్ రాక్’కు ముందు వచ్చిన ‘లవింగ్ యూ’ (1957) రంగుల్లో, కాస్త మెత్తగా ఉంటుంది. సమయం ఉంటేనే చూడండి. 1960లో సైన్యం నుంచి తిరిగి వచ్చాక చేసిన ‘ఫ్లేమింగ్ స్టార్’లో పాటలు తక్కువ, నటన ఎక్కువ. ‘బ్లూ హవాయి’ (1961) బాగా ఆడింది. దాని విజయమే అతన్ని ముంచింది. సముద్రతీరం, అమ్మాయిలు, పది పాటలు అన్న ఒకే అచ్చులో ఏడాదికి మూడేసి సినిమాలు తీయించారు. ‘వివా లాస్ వేగాస్’ (1964) ఒక్కటి నాయిక ఆన్-మార్గరెట్ ఉత్సాహంవల్ల చూడదగ్గది. రాక్ అండ్ రోల్ తొలినాళ్ల సందడి చూడాలంటే ఎల్విస్ లేని ‘ది గర్ల్ కాంట్ హెల్ప్ ఇట్’ (1956) చూడండి. లిటిల్ రిచర్డ్, ఫ్యాట్స్ డామినో, జీన్ విన్సెంట్, ఎడ్డీ కోక్రన్ అందరూ అందులో ఉన్నారు. ‘జైల్‌హౌస్ రాక్’లో కనిపించని మనుషులు కొందరు మీకు అక్కడ కనిపిస్తారు.

వీటన్నిటి తర్వాత 1968 డిసెంబరులో ఎన్‌బీసీ ప్రసారం చేసిన ఎల్విస్ ప్రత్యేక కార్యక్రమం చూడండి. నల్ల తోలు దుస్తుల్లో, చిన్న వేదిక మీద, చుట్టూ చేతికందే దూరంలో జనం. కొన్ని పాటలకు పక్కన స్కాటీ మూర్, డి.జె. ఫొంటానా ఉంటారు. బిల్ బ్లాక్ అప్పటికే చనిపోయాడు. ఆ కార్యక్రమంలో ఎల్విస్ ‘జైల్‌హౌస్ రాక్’ కూడా పాడాడు. పదకొండేళ్లు, ఇరవైకి పైగా మెత్తటి సినిమాలు గడిచాక కూడా ఆ మొహంలో విన్స్ ఎవరెట్ ఇంకా ఉన్నాడు. పాట మొదలయ్యేటప్పుడు అతని పై పెదవిని గమనించండి.